అమెరికా పర్వత రాష్ట్రాలలో కార్చిచ్చుల కాలం

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగంలో, రాకీ పర్వతాల వెంబడి ఉన్న ప్రాంతంలో, ప్రతి ఏటా అడవులు, గడ్డిమైదానాలు అంటుకొని కాలే నెలలను కార్చిచ్చుల కాలం అంటారు. మోంటానా, ఐడహో, వయోమింగ్, కొలరాడో, యూటా, నెవాడా, ఆరిజోనా, న్యూ మెక్సికో అనే ఎనిమిది రాష్ట్రాలను కలిపి పర్వత రాష్ట్రాలు అని వ్యవహరిస్తారు. మనకు ఎండాకాలం, వానాకాలం ఎలాగో ఇక్కడి ప్రజలకు ఇది కూడా ఒక ఋతువు వంటిదే. మంటను దగ్గరగా చూసేవారు కొద్దిమందే. పొగ మాత్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పట్టణాలను కూడా వారాల తరబడి కమ్ముకొని ఉంటుంది. అందువలన ఈ కాలాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు మంట కంటె పొగ గురించే ఎక్కువ చెప్పుకోవలసి వస్తుంది.

ఎప్పుడు, ఎందుకు

ఈ ప్రాంతంలో కొండలపై చలికాలమంతా కురిసిన మంచు వసంతంలో మెల్లగా కరుగుతూ జూన్ నెల వరకు నేలను తడిగా ఉంచుతుంది. ఆ తడి ఆరిన తరువాత మళ్ళీ వానలో, మంచో పడేవరకు ఉన్న వ్యవధే కార్చిచ్చుల కాలం. మోంటానా, ఐడహోలలో ఇది సాధారణంగా జులై నుండి సెప్టెంబరు వరకు ఉంటుంది. దక్షిణాన ఉన్న ఆరిజోనా, న్యూ మెక్సికోలలో మే, జూన్ నెలలు ప్రమాదకరమైనవి. జులైలో అక్కడ ఋతుపవనాలు వస్తాయి. వాటిని అక్కడి ఆంగ్లంలో కూడా మాన్‌సూన్ అనే అంటారు. మన నైరుతి ఋతుపవనాలంత బలమైనవి కాకపోయినా, అడవిని చల్లార్చడానికి అవి చాలు.

మంట పుట్టుకకు రెండు కారణాలు. మొదటిది పిడుగు. ఎత్తైన పొడి ప్రాంతం కావడం వలన ఇక్కడ ఉరుములతో కూడిన మేఘం నుండి జారిన వాన నేలను చేరకముందే గాలిలో ఆవిరైపోతుంది. పిడుగు మాత్రం నేలను తాకుతుంది. రెండవది మనిషి. ఆర్పకుండా వదిలిన వంటమంటలు, చెత్త తగలబెట్టడం, తెగిన విద్యుత్తు తీగలు, వాహనం వెనుక రోడ్డుపై ఈడ్చుకుపోయే గొలుసు నుండి లేచిన నిప్పురవ్వలు ఇటువంటివి. దేశం మొత్తం మీద చూస్తే ఎక్కువ మంటలకు కారణం మనుషులే. కానీ పర్వత రాష్ట్రాల లోపలి అడవులలో పిడుగుల వాటా పెద్దది. మనిషి చేరలేని వాలుల మీద ఒకే రాత్రి పదుల చోట్ల మంటలు పుట్టించగలగడం వలన పిడుగుల వాన అగ్నిమాపక సిబ్బందికి పెద్ద పరీక్ష.

ఈ కాలం క్రమంగా పొడవవుతున్నది. 1980ల నడుమ నుండి పశ్చిమ రాష్ట్రాలలో పెద్ద కార్చిచ్చులు బాగా పెరిగాయని, కాలవ్యవధి కూడా రెండు నెలలకు పైగా పెరిగిందని, ఈ మార్పు కొండలపై మంచు త్వరగా కరగడంతో ముడిపడి ఉందని 2006లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. మానవ చర్యల వలన కలిగిన భూతాపం లేకపోయి ఉంటే 1984 నుండి 2015 వరకు కాలిన అటవీ విస్తీర్ణం సుమారు సగమే ఉండేదని 2016లో వచ్చిన మరొక అధ్యయనం అంచనా వేసింది. "కాలం" అనే మాటకే అర్థం చెదరిపోయిన సందర్భం 2021 డిసెంబరు 30. ఆనాడు కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో, నడి చలికాలంలో, ఎండిన గడ్డి మీద పెనుగాలికి వ్యాపించిన మార్షల్ కార్చిచ్చు కొన్ని గంటలలోనే వెయ్యికి పైగా ఇళ్ళను బూడిద చేసింది. కాలినది దాదాపు ఆరువేల ఎకరాలు మాత్రమే. అది అడవి కూడా కాదు, లూయివిల్, సుపీరియర్ అనే పట్టణాల నివాస ప్రాంతాలు. మరునాడు మంచు కురిసింది.

అడవికి మంట శత్రువేనా

ఈ అడవులు మంటతో కలిసి పెరిగినవి. పాండెరోసా పైన్ అనే చెట్టుకు దళసరి బెరడు ఉంటుంది. పాత రోజులలో కొన్నేళ్ళకొకసారి నేల మీది గడ్డిని, ఆకులను మాత్రమే కాల్చుకుంటూ పోయే చిన్న మంట ఆ బెరడును దాటలేకపోయేది. లాడ్జ్‌పోల్ పైన్ సంగతి వేరు. దాని కాయలలో కొన్ని జిగురుతో మూసుకొని ఉంటాయి. మంట వేడికి జిగురు కరిగితేనే విత్తనాలు రాలుతాయి. ఈ అడవి వందేళ్ళకో, అంతకు మించో ఒకసారి పూర్తిగా కాలి మళ్ళీ మొలవడం సహజం. 1988లో యెల్లోస్టోన్ జాతీయ వనంలో సుమారు 7.9 లక్షల ఎకరాలు, అంటే వనంలో మూడవ వంతుకు పైగా, మంటల ప్రభావానికి లోనయినప్పుడు వనం నాశనమైందని దేశమంతా బాధపడింది. వేలాది మంది శ్రమించినా ఆగని ఆ మంటలను చివరకు సెప్టెంబరు మంచు అణచింది. తరువాతి సంవత్సరాలలో కాలిన నేలంతా లేత పైన్ మొక్కలతో నిండింది.

ఇక్కడి ఆదివాసులైన సాలిష్, కూటెనై తదితర తెగలు వేటకు, మేతకు, దుంపలు, పళ్ళ పొదలు బాగా పెరగడానికి తామే కావాలని మంట పెట్టేవారు. వారిని రిజర్వేషన్లలోకి నెట్టిన తరువాత ఆ పద్ధతి చాలావరకు ఆగిపోయింది.

1910, దాని తరువాత

ఈ ప్రాంతపు అగ్ని చరిత్రలో 1910 ఒక మలుపు. అమెరికా అటవీ సేవ ఏర్పడి అప్పటికి ఐదేళ్ళు. ఆ ఏడాది ఆగస్టు 20, 21 తేదీలలో పెనుగాలులు వీచి ఐడహో, మోంటానా సరిహద్దులలోని వందలాది చిన్న మంటలను ఏకం చేశాయి. రెండు రోజులలో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. కనీసం 85 మంది చనిపోగా వారిలో చాలామంది మంట ఆర్పడానికి కూలికి వచ్చినవారు. వాలేస్ పట్టణం దగ్గర ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి తన వెంట ఉన్న నలభై మందికి పైగా కూలీలను ఒక పాత గని సొరంగంలోకి తీసుకుపోయాడు. భయంతో బయటకు పరుగెత్తబోయిన వారిని తుపాకి చూపి ఆపాడు. కొందరు లోపలే మరణించినా ఎక్కువమంది బ్రతికారు. ఒకవైపు గొడ్డలి, మరొకవైపు పార వంటి అంచు గల పనిముట్టును నేటికీ మంటలార్పేవారు వాడుతూ అతని పేరుతోనే పులాస్కీ అని పిలుస్తారు.

ఆ విపత్తు నుండి అటవీ సేవ నేర్చుకున్న పాఠం ఒక్కటే: ప్రతి మంటనూ ఆర్పాలి. 1935లో ఇది నియమమైంది. ఏ మంటనైనా కనిపించిన మరునాడు ఉదయం పది గంటలలోపు అదుపు చేయాలన్నారు. 1944లో స్మోకీ అనే ఎలుగుబంటి బొమ్మతో ప్రచారం మొదలైంది. 1950లో న్యూ మెక్సికోలో మంట నుండి బయటపడిన ఒక ఎలుగు పిల్లకు ఆ పేరే పెట్టి వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలకు పంపారు. ఈ విధానం చాలాకాలం విజయవంతమైనట్టే కనిపించింది. అయితే ఆర్పిన ప్రతి చిన్న మంట కాల్చవలసిన పుల్లలు, పొదలు, సన్నచెట్లు అడవిలోనే పేరుకుపోయాయి. ఇప్పుడు పుట్టే మంట నేల మీద ఆగకుండా ఆ సన్నచెట్లను నిచ్చెనగా చేసుకొని పెద్ద చెట్ల తలలకు ఎక్కుతున్నది. అటవీ సేవ 1978లో పది గంటల నియమాన్ని వదలుకున్నది కాని, నలభై ఏళ్ళకు పైగా పోగైన ఇంధనం అంత సులువుగా పోదు. దీనికి తోడు నెవాడా, యూటా, దక్షిణ ఐడహోలలో విదేశం నుండి వచ్చిపడిన చీట్‌గ్రాస్ అనే గడ్డి వేసవి మొదట్లోనే ఎండి, ఎప్పుడో గాని కాలని పొదల భూములను తరచు కాలేవిగా మార్చింది.

పొగ

కట్టె కాలినప్పుడు వచ్చే పొగలో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడు, బెంజీన్ వంటి అనేక పదార్థాలు ఉంటాయి. దూరాన ఉన్నవారికి వీటన్నిటికంటె హాని చేసేవి సూక్ష్మ ధూళికణాలు. 2.5 మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గల కణాలను పీఎం 2.5 అంటారు. తలవెంట్రుక మందంలో ఇది ఇరవయ్యో వంతు కంటె ఎక్కువ ఉండదు. ముక్కు, గొంతు ఈ కణాలను ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల వరకు వెళతాయి. కళ్ళ మంట, దగ్గు, తలనొప్పి అందరికీ వస్తాయి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు అది అంతటితో ఆగదు.

పర్వత ప్రాంతంలో పొగ నిలిచిపోవడానికి కారణం లోయలు. ఎండాకాలపు రాత్రులలో కొండ వాలుల మీది గాలి చల్లబడి బరువెక్కి లోయలోకి జారుతుంది. దాని పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మామూలు రోజులలో ఎండ ఎక్కేసరికి నేల వేడెక్కి ఈ మూత విచ్చిపోతుంది. లోయ నిండా పొగ ఉన్నప్పుడు ఎండ నేలకు చేరదు, నేల వేడెక్కదు, మూత విడదు. అంటే పొగ తన్ను తానే బంధించుకుంటుంది. అందుకే మిజూలా వంటి లోయ పట్టణాలలో ఉదయం పూట గాలి అధ్వాన్నంగా ఉండి, మధ్యాహ్నం గాలి వీచినప్పుడు కొంత తేరుకుంటుంది. మరో చిత్రం ఏమంటే, పొగ కప్పి ఉన్నంతసేపు మంట కూడా మందగిస్తుంది. ఆకాశం తేటపడిన రోజున ఊరివారు సంతోషిస్తారు, అగ్నిమాపక సిబ్బంది కంగారుపడతారు.

2017 వేసవిలో మోంటానాలోని సీలీ లేక్ అనే చిన్న ఊరికి పట్టిన గతి దీనికి ఉదాహరణ. జులై 24న పిడుగు వలన పుట్టిన రైస్ రిడ్జ్ కార్చిచ్చు క్రమంగా 1,60,000 ఎకరాలకు వ్యాపించింది. ఆగస్టు 1 నుండి 49 రోజుల పాటు ఊరి గాలిలో సూక్ష్మకణాల సగటు ఘన మీటరుకు 220 మైక్రోగ్రాముల వరకు ఉన్నది. అమెరికాలో 24 గంటలకు నిర్ణయించిన ప్రమాణం 35 మాత్రమే. కొలిచే యంత్రాల అవధి కూడా దాటిన ఉదయాలు ఉన్నాయి. మంట వలన కాక కేవలం పొగ వలన ఊరు విడిచి వెళ్ళండని స్థానిక ఆరోగ్యశాఖ ప్రజలకు సలహా ఇచ్చింది. చాలామంది వెళ్ళలేదు. ఉద్యోగం, పశువులు, ముసలి తల్లిదండ్రులు, వేరేచోట అద్దెకు డబ్బు లేకపోవడం, ఇవి అన్ని ఊళ్ళలోనూ ఉండే కారణాలే. మోంటానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఊరివారిలో 95 మందికి ఊపిరితిత్తుల పరీక్ష చేసి, తరువాతి రెండేళ్ళు కూడా మళ్ళీ పరీక్షించారు. పొగ తగ్గిన వెంటనే చేసిన పరీక్షలో పదిమందిలో ఒకరికి మాత్రమే శ్వాస సామర్థ్యం ఉండవలసిన స్థాయి కంటె తక్కువగా ఉంది. ఏడాది తరువాత పరీక్షకు వచ్చినవారిలో దాదాపు సగం మందికి తక్కువగా ఉంది. వచ్చినవారి సంఖ్య చిన్నదే అయినా, పొగ పోగానే హాని కూడా పోతుందన్న నమ్మకాన్ని ఈ ఫలితం ప్రశ్నించింది.

పొగకు రాష్ట్రాల ఎల్లలు లేవు. 2021 ఆగస్టు 7న కొలరాడో రాజధాని డెన్వర్ ప్రపంచ మహానగరాలలో అత్యంత కలుషితమైన గాలి గల నగరంగా నమోదయింది. ఆ పొగలో చాలా భాగం కాలిఫోర్నియా మంటల నుండి వచ్చినది.

గాలి నాణ్యత సూచిక

పొగ రోజులలో ఇక్కడివారు ఉదయం లేవగానే చూసేది వాతావరణం కాదు, గాలి నాణ్యత సూచిక. ఇది 0 నుండి 500 వరకు ఉండే అంకె. 50 వరకు ఆకుపచ్చ, 100 వరకు పసుపు, 150 వరకు నారింజ, 200 వరకు ఎరుపు, 300 వరకు ఊదా, ఆపైన ముదురు ఎరుపు రంగులతో సూచిస్తారు. 150 దాటితే చాలాచోట్ల బడిపిల్లల ఆటలు ఆరుబయట జరపరు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. భారతదేశంలో కూడా ఇదే పేరుతో సూచిక ఉన్నది కాని రెండిటి కొలబద్దలు వేరు. ఘన మీటరుకు 60 మైక్రోగ్రాముల సూక్ష్మకణాలు ఉన్న గాలి భారతీయ సూచికలో 100 అంకె పొంది "సంతృప్తికరం" అనిపించుకుంటుంది. అదే గాలి అమెరికా సూచికలో 150 దాటి "అనారోగ్యకరం" అవుతుంది. హైదరాబాదు అంకెను డెన్వర్ అంకెతో నేరుగా పోల్చడం సరికాదు. పోల్చవలసింది మైక్రోగ్రాములను.

కొలిచే యంత్రం దగ్గరలో లేని పల్లెలకు న్యూ మెక్సికో ఆరోగ్యశాఖ 5-3-1 అనే సులువైన పద్ధతి చెబుతుంది. సూర్యునికి వీపు పెట్టి, దూరం తెలిసిన కొండను గాని, కట్టడాన్ని గాని చూడాలి. ఐదు మైళ్ళ (8 కిలోమీటర్ల) దూరంలోనిది కనపడకపోతే పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, రోగులు బయట తిరగడం తగ్గించాలి. మూడు మైళ్ళలోనిది కనపడకపోతే వారు ఇంట్లోనే ఉండాలి, మిగిలినవారు తగ్గించుకోవాలి. మైలు దూరంలోనిదే కనపడకపోతే అందరూ లోపలే ఉండాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఈ పద్ధతి పనిచేయదు.

ఇంటి లోపల

తలుపులు మూసుకొని లోపల ఉండండన్న సలహా చెప్పడానికి తేలిక. మోంటానా, ఐడహోలలో పాత ఇళ్ళకు ఏసీ ఉండదు. పగలు కిటికీలు మూసి, రాత్రి తెరిచి చల్లగాలిని రానివ్వడమే అక్కడి అలవాటు. పొగ రోజులలో కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. ఒంటరిగా ఉండే వృద్ధులకు ఈ రెండిటిలో ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చడం వైద్యులకు కూడా కష్టమే. యూటా, నెవాడా వంటి పొడి రాష్ట్రాలలో మనకు తెలిసిన ఎయిర్ కూలర్ వంటి యంత్రాలే ఇంటి కప్పు మీదనో, కిటికీకో ఉంటాయి. కూలర్ పనిచేసే తీరే బయటి గాలిని తడి మేత గుండా లోపలికి లాగడం. అందువలన పొగను కూడా అది తెచ్చి ఇంట్లో పోస్తుంది. తడి మేత సూక్ష్మకణాలను ఆపలేదు. ఏసీలో గాలి ఇంట్లోనే తిరుగుతుంది కనుక ఆ ఇబ్బంది తక్కువ.

ఇల్లంతా శుభ్రంగా ఉంచలేనివారు ఒక గదినైనా శుభ్రంగా ఉంచుకోవాలని నిపుణులు చెబుతారు. ఆ గదిలో హెపా వడపోత ఉన్న యంత్రం పెట్టుకోవచ్చు. అది కొనలేనివారు మెర్వ్ 13 రకం వడపోత పలకలు నాలుగింటిని పెట్టెలా నిలిపి, అంటుటేపుతో అతికించి, పైన చదరపు ఫ్యాను అమర్చుకుంటారు. 2020లో రూపొందిన ఈ పెట్టెకు దాని రూపకర్తల పేర్ల మీద కోర్సీ-రోజెన్‌తాల్ పెట్టె అని పేరు. చూపుకు మోటుగా ఉన్నా బాగా పనిచేస్తుంది. గదిలో అగరువత్తులు, కొవ్వొత్తులు వెలిగించకూడదు. వేపుడు వంటలు, చీపురుతో దుమ్ము లేపడం కూడా మానుకోవాలి. తడిగుడ్డతో తుడవడం మేలు. బయటకు వెళ్ళక తప్పనివారికి ఎన్95 ముసుగు ముఖానికి బిగువుగా పట్టితే ఉపయోగం. చేతిరుమాలు, మామూలు గుడ్డ ముసుగు ఈ కణాలను ఆపవు.

పొలాలలో, రోడ్లపై, కట్టడాలపై పనిచేసేవారికి ఈ సలహాలలో చాలావాటి వలన ప్రయోజనం లేదు.

ఊరు ఖాళీ చేయడం

మంట దగ్గరైనప్పుడు హెచ్చరికలు మూడు మెట్లుగా ఉంటాయి: సిద్ధంగా ఉండు, సర్దుకో, వెళ్ళిపో. గుర్తింపు పత్రాలు, మందులు, కళ్ళజోడు, పెంపుడు జంతువుల మేత, ఛాయాచిత్రాలు ఒక సంచిలో పెట్టి వేసవంతా వాకిలి దగ్గర ఉంచుకునే కుటుంబాలు ఉన్నాయి. మూడు మెట్లూ వరుసగా వస్తాయన్న హామీ లేదు. 2020 అక్టోబరు 21న కొలరాడోలోని ఈస్ట్ ట్రబుల్‌సమ్ కార్చిచ్చు ఒక్క రోజులో లక్ష ఎకరాలకు పైగా కాల్చి, చెట్లు కూడా పెరగని ఖండ విభాజక శిఖరాలను దాటి అవతలి వైపు అంటుకున్నది.

ఇళ్ళు ఎక్కువగా కాలేది మంట గోడ వచ్చి తాకడం వలన కాదు, గాలిలో ఎగిరివచ్చే నిప్పుకణికల వలన. అవి వాననీటి గొట్టాలలోని ఎండుటాకుల మీద, చెక్క మెట్ల కింద, అటక గాలిరంధ్రాలలో పడి రాజుకుంటాయి. అందుకే గోడ నుండి మొదటి ఐదు అడుగులలో కాలే వస్తువు ఏదీ ఉండరాదని నియమం.

మంటలార్పేవారు

దేశమంతటి అగ్నిమాపక బలగాలను ఐడహోలోని బోయ్సీ నగరంలో ఉన్న జాతీయ కేంద్రం సమన్వయం చేస్తుంది. రోడ్డు లేని అడవులలోకి విమానం నుండి పారాచూట్లతో దూకేవారు కూడా ఉన్నారు. ఈ పద్ధతిలో మొదటి మంటను 1940లో ఐడహోలో ఎదుర్కొన్నారు. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ లోయలో 13 మంది, 1994లో కొలరాడోలోని స్టార్మ్ కింగ్ కొండపై 14 మంది, 2013 జూన్ 30న ఆరిజోనాలోని యార్నెల్ దగ్గర 19 మంది మంటలో చిక్కి చనిపోయారు. మాన్ గల్చ్‌లో దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, కాలిన ఆ చోట బోర్లా పడుకొని బ్రతికాడు. రమ్మని పిలిచినా ఆ క్షణంలో ఆ ఉపాయం ఎవరికీ అర్థం కాలేదు.

మంట ఆరిన తరువాత

బాగా కాలిన కొండ వాలు నీటిని పీల్చుకోదు. 2020 ఆగస్టులో గ్రిజ్లీ క్రీక్ కార్చిచ్చు కాల్చిన గ్లెన్‌వుడ్ లోయలో మరుసటి ఏడాది జులై చివర కురిసిన వానకు బురద, బండరాళ్ళు జారి కొలరాడో మీదుగా పోయే ప్రధాన రహదారి రెండు వారాలు మూతపడింది. న్యూ మెక్సికోలోని లాస్ వేగాస్ పట్టణానికి తాగునీరు ఇచ్చే నది 2022లో బూడిదతో నిండింది.

ఆ నది పరివాహకంలో కాలినది న్యూ మెక్సికో చరిత్రలోనే పెద్దదైన హెర్మిట్స్ పీక్ - కాఫ్ కాన్యన్ కార్చిచ్చు. సుమారు 3,41,000 ఎకరాలు కాల్చిన ఈ మంట పిడుగు వలన పుట్టింది కాదు. పెద్ద మంట రాకుండా అడవిని పలుచన చేయడానికి అటవీ సేవ తానే పెట్టిన రెండు మంటలు చేయిదాటి ఒకటయ్యాయి. వాటిలో ఒకటి జనవరిలో కాల్చిన పుల్లల కుప్ప. మంచు కింద ఏప్రిల్ వరకు లోలోపల రగులుతూనే ఉన్నది. తరతరాలుగా అక్కడ ఉన్న హిస్పానిక్ రైతుకుటుంబాలు ఇళ్ళను, మేతభూములను, సాగుకాలువలను కోల్పోయాయి. నష్టపరిహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో సుమారు 395 కోట్ల డాలర్లు కేటాయించింది. దేశవ్యాప్తంగా ఇటువంటి ఉద్దేశిత మంటలను అటవీ సేవ 2022 మే నుండి తొంభై రోజులు ఆపి, నియమాలు కఠినం చేసి తిరిగి ప్రారంభించింది. తగిన రోజున చిన్న పొగను ఓర్చుకోవడమా, ఎప్పుడో వచ్చే పెద్ద పొగను ఎదుర్కోవడమా అన్న వాదం ఈ రాష్ట్రాల గ్రామసభలలో ప్రతి వసంతంలోనూ సాగుతూనే ఉంటుంది.